కొత్త కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ డెలివరీ రోజే తీసుకోవాలా?

కావలి నివాసి:

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో నెల్లూరులోని ఒక షోరూములో పెట్రోలు కారు తీసుకోబోతున్నాము. క్లచ్ పెడలు లేకుండా, గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీ రకం. వాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఎక్స్‌షోరూం ధర, రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్ వరసగా వేసి, వాటి నడుమ ఎక్స్‌టెండెడ్ వారంటీ పేరుతో రూ.22,000 కూడా చేర్చి, మొత్తం కలిపి ఆన్‌రోడ్ ధర సుమారు 11 లక్షలుగా చూపించారు. కంపెనీ బండితో పాటు ఇచ్చే వారంటీ 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లు. ఈ 22,000 కడితే నాలుగో సంవత్సరానికీ ఐదో సంవత్సరానికీ కూడా అది కొనసాగుతుందని చెప్పారు. ఇది తప్పనిసరా అని అడిగితే సేల్స్‌లో ఉన్న అబ్బాయి సూటిగా సమాధానం చెప్పకుండా, "అందరూ తీసుకుంటున్నారు సార్, లోనులో కలిసిపోతుంది, నెలకు నాలుగైదు వందలే పడుతుంది" అన్నాడు.

మా తిరుగుడు సంవత్సరానికి 11,000 కిలోమీటర్లు దాటదు. నేను ఉద్యోగానికి నెల్లూరు రైల్లోనే వెళ్తాను కాబట్టి కారు ఎక్కువగా కావలిలోనూ, సెలవుల్లో తిరుపతికీ చెన్నైకీ తిరుగుతుంది. అయితే తుమ్మలపెంట వైపు మా నాయనకు రొయ్యల గుంటలు ఉన్నాయి. వారంలో రెండు మూడు సార్లు కారు ఆ గట్ల మీదికి వెళ్లవలసి వస్తుంది. ఉప్పుగాలికి బండి త్వరగా పాడవుతుంది గనుక వారంటీ తీసుకోవడమే మంచిదని ఆయన అభిప్రాయం. మామూలు పెట్రోలు బండికి ఐదేళ్లలోపు పెద్ద ఖర్చు ఏమొస్తుందని మా బావగారి అభిప్రాయం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

దర్గామిట్ట:

నా మాట అయితే అక్కర లేదు. మీరు ఈ రోజు కట్టే డబ్బుకు రక్షణ మొదలయ్యేది మూడేళ్లు గడిచిన తర్వాత. అప్పటి వరకు ఏ లోపం వచ్చినా కంపెనీ ఎలాగూ ఉచితంగా చేసి ఇవ్వాలి. అదే 22,000 రూపాయలను ఏడు శాతం వడ్డీ వచ్చే డిపాజిట్‌లో వేస్తే మూడేళ్లకు 27,000 దాకా అవుతుంది. నాలుగో ఏట ఏదైనా పోతే అందులోంచి తీసి చేయించుకోవచ్చు, ఏమీ పోకపోతే డబ్బు మీ దగ్గరే ఉంటుంది. వారంటీ అమ్మేవాళ్లు వసూలు చేసినదాని కంటే తక్కువే ఖర్చవుతుందని లెక్క కట్టుకునే ధర పెడతారు కదా.

ఇంకొక సంగతి. మీరు రెండు సంవత్సరాలకు 22,000 కడుతున్నారు. ఆ రెండు సంవత్సరాల్లో మీరు తిరిగేది కూడా 22,000 కిలోమీటర్లే. అంటే కిలోమీటరుకు రూపాయి చొప్పున, పెట్రోలు ఖర్చుకు పైన, వారంటీ కోసమే ఇస్తున్నట్టు. వారంటీ ముగిసిన బండ్లకు మన ఆటోనగర్‌లో మంచి పనివాళ్లు ఉన్నారు, షోరూం బిల్లులో సగానికే పని అవుతుంది.

పాత సర్వీస్ అడ్వైజర్:

నేను చాలాకాలం ఒక కంపెనీ అధీకృత వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజరుగా పనిచేశాను, ఇప్పుడు ఆ వృత్తిలో లేను. దర్గామిట్ట గారి లెక్కలో తప్పు లేదు గానీ, ఇప్పటి బండ్లలో ఏం పోతుందో చూడకుండా ఆ లెక్క పూర్తి కాదు. పదిహేనేళ్ల కిందటి బండిలో పోయేవి ఎక్కువగా విప్పి బాగుచేయగల వస్తువులు. ఇప్పుడు పోయేవి పెట్టె పెట్టెగా మార్చవలసిన వస్తువులు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఏసీ కంప్రెసర్, ముందున్న టచ్‌స్క్రీన్, ఇంజన్‌ను నడిపే ఈసీయూ, ఏఎంటీలో గేర్లు మార్చే యాక్చుయేటర్, వీటిలో ఏ ఒక్కటి మార్చినా బిల్లు ఐదంకెలకు వెళుతుంది. ఆటోనగర్ మెకానిక్ ఎంత నేర్పరి అయినా, ఈసీయూకు సాఫ్ట్‌వేర్ ఎక్కించవలసి వచ్చినప్పుడు మళ్లీ కంపెనీ వర్క్‌షాపుకే పంపుతాడు. కాబట్టి సాధారణ పెట్రోలు మాన్యువల్ బండి, తక్కువ తిరుగుడు అయితే వద్దనే చెప్పేవాడిని. మీది ఏఎంటీ అన్నారు, అందువల్ల ఆలోచించవలసిందే.

అయితే తీసుకునే ముందు అందులో రానివి ఏమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే మా కౌంటరు దగ్గర జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టేవి. అరుగుదల వస్తువులు ఏవీ రావు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిళ్లు, ముఖ్యంగా క్లచ్ ప్లేటు. ఏఎంటీ కొన్నవారిలో చాలామంది తమ బండిలో క్లచ్ లేదని అనుకుంటారు. లేనిది పెడలు మాత్రమే. లోపల మాన్యువల్ బండిలో ఉండే క్లచ్ ప్లేటే ఉంటుంది, అది అలాగే అరుగుతుంది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టేవారికి ఇంకా త్వరగా అరుగుతుంది. యాక్చుయేటర్ పోతే వారంటీ వస్తుంది, ప్లేటు అరిగితే రాదు. టైర్లకూ బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది.

మీ నాయనగారి ఉప్పుగాలి సంగతికి వస్తాను. ఆయన భయం నిజమే, మందు మాత్రం ఇది కాదు. ఉప్పుగాలి, ఉప్పునీరు, రసాయనాల వల్ల పట్టే తుప్పును కంపెనీలు సాధారణంగా వారంటీ నుంచి మినహాయిస్తాయి, ఆ వాక్యం పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గుంటల దగ్గరి నుంచి వచ్చినప్పుడల్లా మంచినీటితో బండి అడుగుభాగం కడిగించడం, ఏటా ఒకసారి లిఫ్టు మీద ఎక్కించి సైలెన్సరు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ ఆర్మ్‌లు చూపించుకోవడం, ఆ ఉపాయమే పనిచేస్తుంది. రొయ్యల మేత బస్తాలు డిక్కీలో వేస్తే ఎలుకలు కూడా వెంట వస్తాయి. అవి వైర్లు కొరికితే అదీ వారంటీలోకి రాదు, ఇన్సూరెన్సు పాలసీలో ఏముందో చూసుకోవాలి. వరద నీళ్లు కూడా అంతే. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు, పడుగుపాడు ప్రాంతాలు మునిగిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. అటువంటి నీళ్లు ఇంజన్‌లోకి పోయిన బండిని కాపాడేది ఇన్సూరెన్సులోని ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణే. నా ఉద్దేశంలో తక్కువ డబ్బు ఉన్నవారు ముందు దానికీ, మార్చిన భాగాల ధరలో తరుగుదల కోయకుండా బీమా ఇచ్చే జీరో డిప్రిసియేషన్‌కూ ఖర్చు పెట్టి, మిగిలితే ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి ఆలోచించాలి.

క్లెయిమ్ తిరస్కరించడానికి తరచుగా చూపే కారణాలు మూడు. పుస్తకంలో రాసిన గడువులో అధీకృత వర్క్‌షాపులో సర్వీసు చేయించకపోవడం మొదటిది. బయట లైట్లో, హారనో, మ్యూజిక్ సిస్టమో పెట్టించడానికి వైరింగు కోయించడం రెండోది. ఇక మూడోది, హెచ్చరిక దీపం వెలిగినా అలాగే నడపడం. కూలెంట్ పైపు కారితే ఆ పైపు వారంటీలో వస్తుంది. టెంపరేచర్ దీపం వెలిగిన తర్వాత కూడా కావలి దాకా తోలుకుని వచ్చి ఇంజన్ పట్టేస్తే, ఆ ఇంజన్ వారంటీలో రాదు.

చీమకుర్తి:

పై చర్చ అంతా తక్కువ తిరిగేవారి గురించి జరుగుతున్నది కనుక, ఎక్కువ తిరిగేవారి వైపు నుంచి ఒక మాట. నాది గ్రానైట్ వ్యాపారం, డీజిలు బండి, చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు పోయి రావడమే పని, సంవత్సరానికి 30,000 కిలోమీటర్లు దాటుతుంది. కొనేటప్పుడు అందరూ సంవత్సరాలే చూస్తారు, "ఏది ముందైతే అది" అన్న మూడు మాటలు ఎవరూ చూడరు. నాకు చూపించిన పథకంలో ఐదేళ్లు లేదా 1,20,000 కిలోమీటర్లు అని ఉంది. మూడేళ్లకే 90,000 దాటే బండికి ఆ పరిమితి నాలుగో సంవత్సరంతోనే ముగిసిపోతుంది, ఐదో సంవత్సరానికి కట్టిన డబ్బుకు ఏమీ రాదు. అందువల్ల నాలుగో సంవత్సరానికి మాత్రమే తీసుకున్నాను. ఒక్క సంవత్సరానికి విడిగా ఇవ్వరని మొదట చెప్పారు గానీ, కంపెనీ వెబ్‌సైటులో ఉన్న పట్టిక చూపిస్తే ఇచ్చారు.

పరిమితులు కంపెనీకీ కంపెనీకీ వేరు. ఉదాహరణకు మారుతి సుజుకి 2024 జులైలో తన మామూలు వారంటీని 2 సంవత్సరాలు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. పాత లెక్కతో స్నేహితులు ఇచ్చే సలహా ఇప్పుడు పనికిరాదు.

డీజిలు కొనేవారికి ఇంకో మాట కూడా. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిలు బండికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఆ మసి కాలిపోయేంత వేడి రాదు, ఆ ఫిల్టరు మసితో నిండిపోతుంది. అలా నిండిపోవడాన్ని వాడకం లోపం అంటారా, వస్తువు లోపం అంటారా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఒంగోలు, కర్నూలు రోడ్డు:

వారంటీ మంచిదా కాదా అన్నది పెద్దలు చెప్పారు. నేను కాగితాల గురించి మాత్రమే చెబుతాను.

మొదట చూడవలసింది ఆ వారంటీ ఎవరిది అన్నది. బండి తయారుచేసిన కంపెనీదే అయితే దేశంలో ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చెల్లుతుంది. కొన్ని చోట్ల డీలరు తన సొంత పథకాన్నో, వేరొక సంస్థ పథకాన్నో అదే పేరుతో అమ్ముతారు. అది ఆ డీలరు వర్క్‌షాపులోనే చెల్లవచ్చు. చెన్నైకి వెళ్లే దారిలో బండి ఆగిపోతే నెల్లూరు దాకా లాక్కుని రావాలా అన్న ప్రశ్నకు సమాధానం సర్టిఫికెట్ మీద ఉన్న సంస్థ పేరులోనే ఉంటుంది.

రెండోది లోను. "నెలకు నాలుగైదు వందలే" అన్నది అబద్ధం కాదు గానీ పూర్తి మాట కాదు. 22,000 రూపాయలను తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ల లోనులో కలిపితే నెలకు సుమారు 457 చొప్పున మొత్తం 27,400 కడతారు. వారంటీ వాడుకలోకి రాకముందే మూడేళ్లు దానికి వడ్డీ కడుతున్నారన్నమాట. తీసుకోవాలనుకుంటే చేతి డబ్బుతో, విడి బిల్లుతో తీసుకోండి. ఆ ధరలో జీఎస్టీ కలిసిందో లేదో కూడా అడగండి.

మూడోది, ఇది తప్పనిసరి కాదు. ఒక వస్తువు కావాలంటే ఇంకొకటి కూడా కొనాలని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతిగా పరిగణిస్తుంది. మాటతో ఒప్పుకోకపోతే, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసేసి కొత్త కొటేషన్ ఇవ్వమని మెయిల్ పెట్టండి, సాధారణంగా అక్కడితో సరిపోతుంది. సరిపోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. రేపు క్లెయిమ్ విషయంలో అన్యాయం జరిగినా, డీలరు ఎక్కడ ఉన్నా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల లోపు చేయాలి. 10 లక్షల నుంచి 20 లక్షల లోపు ధర ఉన్న బండికి ఫీజు 400 రూపాయలే. అక్కడ నిలిచేది కాగితమే కాబట్టి, బండి ఇచ్చేటప్పుడు చేయవలసిన పనులు రాసే జాబ్ కార్డునూ బిల్లునూ ప్రతి సర్వీసుకూ దాచండి, మీరు చెప్పిన ఫిర్యాదును జాబ్ కార్డు మీద రాయించకుండా వర్క్‌షాపు నుంచి బయటికి రావద్దు.

కావలి నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న షోరూముకు వెళ్లి వారంటీ పుస్తకం ముందే చూపించమని అడిగి, అక్కడే కూర్చుని చదివాను. పాత సర్వీస్ అడ్వైజర్ గారు చెప్పినట్టే ఉప్పుగాలి మినహాయింపుల్లో ఉంది. ఆ పేజీని నాయనకు చదివి వినిపించాను. ఆయన వెంటనే, అయితే గట్ల మీదికి నా పాత మోటారు సైకిలే చాలు, కారు రోడ్డు దగ్గరే ఆపుదాం అన్నారు. పథకం కంపెనీదే. ఆన్‌రోడ్ ధరలోంచి తీసేయమని మెయిల్ పెట్టాను, మారు మాట్లాడకుండా తీసేసి కొత్త కొటేషన్ పంపారు.

నాకు మిగిలిన సందేహం ఒక్కటే. ఏఎంటీ కాబట్టి నేను తీసుకునే వైపే మొగ్గుతున్నాను. కానీ డెలివరీ రోజు కాకుండా తర్వాత తీసుకుంటే నష్టమా?

పాత సర్వీస్ అడ్వైజర్:

చాలా కంపెనీలు మామూలు వారంటీ ముగిసే లోపు ఎప్పుడైనా ఇస్తాయి, అయితే బండి వయసు పెరిగేకొద్దీ ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది, కొన్ని చోట్ల బండిని తనిఖీ చేసిన తర్వాతే ఇస్తారు. మీ పుస్తకం వెనుక అట్ట దగ్గర గానీ వెబ్‌సైటులో గానీ ఆ మెట్ల పట్టిక ఉంటుంది. మొదటి మెట్టు ఎన్ని నెలల వరకో చూసుకుని, ఆ లోపు బండి తీరు గమనించండి. గేరు మారేటప్పుడు కుదుపులు, ఏసీ శబ్దాలు, స్క్రీను ఆగిపోవడం లాంటివి మొదటి సంవత్సరంలోనే కనిపిస్తే తీసుకోండి. మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ తేడా వెయ్యీ రెండు వేలే ఉంటే ఇంకా ఆగవచ్చు. బండిని ఐదేళ్ల లోపు అమ్మే ఆలోచన ఉంటే కొనేవారి పేరుకు ఈ వారంటీ మారుతుందా, దానికి ఎంత తీసుకుంటారు అన్నది కూడా అదే పట్టిక కింద చూడండి. మారేటట్టయితే అమ్మకం ధరలో కొంత తిరిగి వస్తుంది.

దర్గామిట్ట:

ఏఎంటీ అన్న మాట నేను మొదట పట్టించుకోలేదు. అయినా నా ఓటు డిపాజిట్‌కే. కాకపోతే మొదటి మెట్టు గడువు ముగిసే దాకా ఆ డబ్బును అందులోనే ఉంచండి, అప్పుడు ఎటైనా వెళ్లవచ్చు.