పొడపత్రి ఎక్స్‌ట్రాక్ట్ టాబ్లెట్: పంచ్‌కి అంటుకుంటోంది, డిసల్యూషన్ అసలు రావట్లేదు

గుంటూరు_ఫార్మా:
అందరికీ నమస్తే. ఎం.ఫార్మ్ సెకండియర్, ఫార్మాస్యూటిక్స్. ప్రాజెక్ట్ ఏంటంటే పొడపత్రి ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌తో షుగర్‌కి టాబ్లెట్. ఆకు నీడన ఆరబెట్టి పొడి కొట్టి, పెట్రోలియం ఈథర్‌తో డీఫ్యాట్ చేసి, మెథనాల్‌తో సాక్స్‌లెట్ (వేడి సాల్వెంట్‌తో సారం తీసే గాజు పరికరం) పెట్టా, అక్కడిదాకా బానే ఉంది. రోటరీలో (సాల్వెంట్‌ని ఆవిరి చేసి తీసేసే రోటరీ ఇవాపరేటర్) వాక్యూమ్ ఇవ్వగానే నురగ పొంగి కండెన్సర్‌లోకి ఎక్కేసింది, ఇక లాభం లేదని వాటర్ బాత్ మీద ఎండబెట్టా. వచ్చింది నల్లటి జిగురు ముద్ద. డెసికేటర్‌లో ఉన్నంతసేపు గట్టిగానే ఉంటది, బయటికి తీసి నూరుతుండగానే చెమ్మ పట్టి మోర్టార్‌కి అతుక్కుపోతది.

టాబ్లెట్ 500 మి.గ్రా., అందులో ఎక్స్‌ట్రాక్ట్ 250, మిగతాది లాక్టోజ్, ఎం.సి.సి. (మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్), స్టార్చ్, టాల్క్, మెగ్నీషియం స్టీరేట్. డైరెక్ట్ కంప్రెషన్, అంటే గ్రాన్యూల్స్ చేయకుండా పొడినే నేరుగా నొక్కేయడం. నొక్కే పంచ్‌కి అంటుకుని టాబ్లెట్ పైపొర లేచిపోతోంది, స్టీరేట్ పెంచితే అంటుకోవడం తగ్గింది గానీ డీటీ (టాబ్లెట్ నీళ్ళలో విడిపోయే టైమ్) 15 నిమిషాలు దాటేస్తోంది. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి డిసల్యూషన్, అంటే టాబ్లెట్‌లోంచి మందు ద్రవంలోకి కరిగి రావడం. 0.1 నార్మల్ హెచ్‌సీఎల్‌లో పెట్టి యూవీలో 210 నానోమీటర్ల దగ్గర చూస్తే గంట గడిచినా 20 శాతం రావట్లేదు. గైడ్ గారు సూపర్ డిసింటిగ్రెంట్ (టాబ్లెట్‌ని త్వరగా విడగొట్టే పదార్థం) మార్చి చూడమంటున్నారు, మార్చినా అదే కథ. ఎవరైనా హెర్బల్ మీద చేసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

పంచింగ్_అన్న (హైదరాబాద్):
తమ్మీ, ఫస్ట్ రూమ్ సంగతి చూడు. వానాకాలంలో కిటికీ తెరిచి పంచింగ్ చేస్తున్నవా? హెర్బల్ ఎక్స్‌ట్రాక్ట్‌కి రూమ్‌లో తేమ 40, 45 శాతం దాటిందంటే నువ్వు ఏ లూబ్రికెంట్ ఏసినా వేస్ట్. కాలేజీల డీహ్యుమిడిఫయర్ ఉండదు, తెలుసు, కనీసం ఏసీ ఏసి గంట అయినంక మొదలుపెట్టు, గ్రాన్యూల్స్ అప్పటిదాకా మూత పెట్టి ఉంచు.

డైరెక్ట్ కంప్రెషన్ మాత్రం ఇడిసిపెట్టు. సగం టాబ్లెట్ జిగురే ఉంటే అది డైరెక్ట్‌గ రాదు. మేం ఎట్ల చేస్తం అంటే, ఎక్స్‌ట్రాక్ట్‌ని పూర్తిగ ఎండబెట్టి నూరుడు పెట్టుకోం, చిక్కటి పాకం లెక్క ఉన్నప్పుడే తీసుకుని డైకాల్షియం ఫాస్ఫేట్, ఏరోసిల్ (సన్నటి సిలికా పొడి) మీద పోసి కలుపుతం, అదే బైండర్ పని కూడ చేస్తది. ముద్ద కాంగనే జల్లెడ పట్టి ట్రే డ్రయర్‌ల 50 డిగ్రీల లోపల ఆరబెట్టు. ఆరినంక మళ్ళ జల్లెడ. క్రాస్‌పోవిడోన్ (అదే డిసింటిగ్రెంట్) సగం గ్రాన్యూల్ లోపల, సగం బయట ఎయ్యి. ఎక్స్‌ట్రాక్ట్ నీళ్ళు తగిలితే పైన జిగురు పొర కడతది, నీళ్ళు లోపలికి పోవు, అందుకే లోపల కూడ ఉండాలె. స్టీరేట్ ఒక శాతం దాటనియ్యకు, అది కూడ ఆఖర్ల ఏసి రెండు మూడు నిమిషాలే కలుపు. నీ డీటీ పెరిగింది దాని వల్లనే, గ్రాన్యూల్ చుట్టూ కొవ్వు పొర పడ్డది.

కాగ్నసీ_మేడం:
పైన అన్నగారు చెప్పినవి పంచింగ్ వరకు కరెక్టే. కానీ డిసల్యూషన్ రాకపోవడానికి టాబ్లెట్‌ది పెద్దగా తప్పు లేదు బాబూ, నువ్వు పెట్టిన మీడియం చూడు ఒకసారి.

పొడపత్రిలో మనకి కావలసినవి జిమ్నిమిక్ యాసిడ్స్. అవి సాపోనిన్లు, అందుకే నీ రోటరీలో అంత నురగ. ఈ యాసిడ్స్‌ని ఆకు నుంచి ఎలా తీస్తారో ఏ పాత పేపర్ చూసినా ఉంటుంది, నీళ్ళ ఎక్స్‌ట్రాక్ట్‌కి యాసిడ్ కలుపుతారు, అవి విడిపోయి అడుగున చేరతాయి. అంటే యాసిడ్‌లో కరగవని మొదటి నుంచీ తెలిసిన విషయమే. నువ్వేమో 0.1 నార్మల్ హెచ్‌సీఎల్‌లో పెట్టి రిలీజ్ రావట్లేదంటున్నావు! క్రాస్‌పోవిడోన్ కాదు కదా ఏది మార్చినా రాదు. పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో పెట్టి చూడు.

ఇంకా పెద్ద ప్రశ్న, 210 దగ్గర నువ్వు కొలుస్తున్నది ఏంటి? ఆ మాలిక్యూల్‌కి యూవీలో చెప్పుకోదగ్గ క్రోమోఫోర్ (కాంతిని పీల్చుకునే భాగం) లేదు, ఆ వేవ్‌లెంగ్త్‌లో ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉన్న ప్రతిదీ ఎంతో కొంత అబ్జార్బ్ చేస్తుంది. మెట్‌ఫార్మిన్ టాబ్లెట్ అయితే ఉన్నది ఒక్క మందే, ఎంత వచ్చిందో చెప్పొచ్చు. ఎక్స్‌ట్రాక్ట్‌కి ముందు మార్కర్ (కొలవడానికి ఎంచుకునే ఒక్క కాంపౌండ్) ఏదో తేల్చుకోకుండా పర్సెంట్ రిలీజ్ అని గ్రాఫ్ గీస్తే ఏం లాభం? మామూలుగా జిమ్నిమాజెనిన్ పెట్టుకుంటారు. శాంపిల్‌ని కాస్టిక్ పొటాష్‌తో, తర్వాత హెచ్‌సీఎల్‌తో రిఫ్లక్స్ చేస్తే పక్కన ఉన్న ఎస్టర్లు, షుగర్లు ఊడిపోయి అన్నీ ఆ ఒక్క జిమ్నిమాజెనిన్‌గా మారతాయి, అప్పుడు హెచ్‌పీటీఎల్‌సీ (కాంపౌండ్స్‌ని విడదీసి కొలిచే పద్ధతి) ప్లేట్ మీద వెనిలిన్ సల్ఫ్యూరిక్ కొట్టి స్టాండర్డ్ పక్కన స్కాన్ చేయొచ్చు. స్టాండర్డ్ ఖరీదే, పక్క బ్యాచ్ వాళ్ళతో కలిసి కొనుక్కోండి.

ఆకు ఎక్కడ కొన్నావు? మూలికల కొట్లో కొన్నదైతే బోటనిస్ట్ చేత ఆథెంటికేషన్ చేయించి వౌచర్ స్పెసిమెన్ (ఆధారంగా దాచే మొక్క నమూనా) నంబర్ తీసుకో, లేకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా పేపర్ వెనక్కి వస్తుంది.

పీహెచ్‌డీ_ఫిఫ్తియర్:
మేడం చెప్పినదానికి చిన్న యాడింగ్. బైండర్‌గా పీవీపీ వాడదామని అనుకుంటే 210 ఇంకా ఘోరం, పీవీపీ కూడా అక్కడ అబ్జార్బ్ చేస్తది, ఎక్స్‌ట్రాక్ట్ లేని ప్లాసిబో టాబ్లెట్ చేసి దాని రీడింగ్ తీయకుండా ఏ ఫార్ములా కూడా నమ్మొద్దు. ఎఫ్‌టీఐఆర్ కంపాటిబిలిటీ (ఇన్‌ఫ్రారెడ్ పీక్స్ చూసి పదార్థాలు ఒకదానితో ఒకటి రియాక్ట్ అయ్యాయా అని చూసే టెస్ట్) కూడా ఎక్స్‌ట్రాక్ట్ విషయంలో నా దృష్టిలో సగం తంతే, వందల కాంపౌండ్స్ కలిసిన పీక్స్‌లో ఏది జరిగిందో ఎవడికి కనబడుద్ది, దానికన్నా స్టెబిలిటీ చాంబర్‌లో 40 డిగ్రీలు, 75 శాతం తేమలో మిక్స్చర్ పెట్టి మార్కర్ ఎంత తగ్గిందో చూస్తే పని జరుగుద్ది.

డోసు 250 ఎందుకు తీసుకున్నావ్? ఎక్స్‌టర్నల్ అడుగుతాడు. 1990లో మద్రాసు నుంచి వచ్చిన పేపర్‌లో 22 మంది టైప్ 2 పేషెంట్లకి మామూలు మందులతో పాటు రోజుకి 400 మి.గ్రా. జీఎస్4 అనే ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చారు. చిన్న స్టడీ, పైగా వాళ్ళది నీళ్ళ ఎక్స్‌ట్రాక్ట్, నీది మెథనాల్‌ది, రెండూ ఒకటే అని రాసెయ్యకు. మెథనాల్ అన్నావు కాబట్టి రెసిడ్యువల్ సాల్వెంట్ కూడా చూపించాలి, ఐసీహెచ్ (మందులకి అంతర్జాతీయ గైడ్‌లైన్లు ఇచ్చే సంస్థ) లిమిట్ 3000 పీపీఎం. ఇథైల్ ఆల్కహాల్‌తో చేస్తే ఆ గొడవ తక్కువ గానీ ఎక్సైజ్ పర్మిషన్ ఉన్న కాలేజీకే దొరుకుద్ది.

శ్రీకాకుళం_అబ్బాయి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారికి షుగరు, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. పెరట్లో పొడపత్రి తీగ ఉంది, ఆకు నమిలాక పంచదార నోట్లో వేసుకుంటే ఇసకలాగే ఉంటాది, అంత పవరుంటే మాత్రలు మానేసి ఆకే తినొచ్చు కదండీ?

కాగ్నసీ_మేడం:
వద్దండీ. తీపి తెలియకపోవడం నాలుక మీద జరిగేది, కాసేపటికి పోతుంది, రక్తంలో షుగర్ తగ్గిందనడానికి అది గుర్తు కాదు. మాత్ర మానొద్దు, మాత్ర మీద ఆకు కలిపితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టర్ గారికి చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకండి.

గుంటూరు_ఫార్మా:
థాంక్యూ అన్నా, మేడం, అందరికీ. మీడియం సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. సింథటిక్ మీద చేసిన సీనియర్ల థీసిస్‌లో 0.1 నార్మల్ ఉందని అదే పెట్టాం. ఈ వారం 6.8 బఫర్, పాకం పద్ధతి రెండూ చూస్తా. ఇంకో డౌట్ మేడం, ఇప్పటిదాకా యాసిడ్‌లో తీసిన డేటా అంతా పారేయాలా? రోటరీలో నురగకి ఏమైనా ఉందా?

కాగ్నసీ_మేడం:
నురగకి, ఫ్లాస్క్‌లో మూడో వంతు మించి పోయకు, వాక్యూమ్ ఒకేసారి లాగకుండా మెల్లగా పెంచు, మధ్యలో బంప్ ట్రాప్ పెట్టు. డేటా పారేయొద్దు, ప్లాసిబో కరెక్షన్ చేసి 6.8 కర్వ్ పక్కనే అదే గ్రాఫ్‌లో పెట్టు. మార్కర్ వాల్యూస్ వచ్చాక రెండు మీడియాల్లోనూ దానితోనే మళ్ళీ వేసి చూపించు. వైవాలో నిన్ను అడగబోయేది ఆ రెండు గీతల మధ్య తేడా గురించే.