జెల్లీ అంటే ఏది, జెల్లో అంటే ఏది?

డల్లాస్_కోడలు: మా ఆరేళ్లవాడు స్కూల్లో చూసి పీనట్ బటర్ జెల్లీ శాండ్‌విచ్ అడిగాడు. మనకు తెలిసిన జెల్లీ పొడే కదా అని వేడినీళ్లలో కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, ముక్కలు కోసి బ్రెడ్డు మధ్య పెట్టాను. మధ్యాహ్నానికి బ్యాగంతా ఎర్రనీళ్లు! ఇక్కడ జెల్లీ అంటే ఏమిటండీ? శాకాహారులం, ఏది కొనాలి?

జెర్సీ_పాతకాపు: అమెరికాలో జెల్లీ అంటే బ్రెడ్డుకి రాసుకునేది. జామ్‌లో పండు గుజ్జు ఉంటుంది, జెల్లీలో వడకట్టిన రసమే. మీరు చేసింది జెల్లో. 1897లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెరాయ్‌లో పుట్టిన బ్రాండు. మన డాల్డాలాగే పేరు సరుకుకి అతుక్కుపోయింది.

బెజవాడ_శాకాహారి: పేరుదేముంది, అందులో జెలటిన్ ఉంటుంది! పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో మా అమ్మకు కప్పులో పెట్టిచ్చారు. రెండు చెంచాలు తిన్నాక తెలిసింది. జన్మలో గుడ్డు ముట్టని మనిషి, రాత్రంతా ఏడ్చింది.

జెర్సీ_పాతకాపు: కోషర్ గుర్తు, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపోతుందని వేసే ముద్ర, చూసి కొంటే సరి.

బెజవాడ_శాకాహారి: తెలియకపోతే చెప్పకండి. చేప జెలటిన్ కూడా కోషరే!

గోదారి_గట్టు: తెలుగులో జున్ను అంటే పోలా?

వంటమాస్టారు_రాజమండ్రి: 30 ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నాను. జున్ను అంటే ఈనిన గేదె పాలు, బెల్లం, మిరియాల పొడి, ఆవిరి మీద ఉడకాలి. జున్ను నోట్లో విరుగుతుంది, జెల్లీ జారుతుంది. తాటిముంజలా ఉందనండి, ఒప్పుకుంటా.

గోదారి_గట్టు: మా ఇంట్లో చైనా గ్రాస్‌తో చేసినా జున్నే అంటాం.

వంటమాస్టారు_రాజమండ్రి: అది జున్నుపాలు దొరకనివాళ్లు చేసుకునేది. జున్ను పేరు పాడుచేయకండి.

కూకట్‌పల్లి_బేకరీ: జున్ను గొడవ ఆపండి. జెలటిన్‌లో పచ్చి అనాస వేశాను, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా నీళ్లే. ఆర్డరు పోయింది. ఎందుకు?

వంటమాస్టారు_రాజమండ్రి: పచ్చి అనాస జెలటిన్‌ను విరిచేస్తుంది. ఉడికించి వేయండి, లేదా డబ్బాలోది. చైనా గ్రాస్‌కి ఆ బాధ లేదు, సముద్రపు నాచు నుంచి తీసేది.

డల్లాస్_కోడలు: ద్రాక్ష జెల్లీ సీసా తెచ్చాను. వెనక పెక్టిన్ అని ఉంది. పెట్టొచ్చా?

బెజవాడ_శాకాహారి: పండ్ల తొక్కల నుంచి తీస్తారమ్మా, భయం లేదు. జెలటిన్ అన్న మాట లేదు కదా, ఇంకోసారి చూసుకో.

గోదారి_గట్టు: మాస్టారూ, మిరియాలు వేస్తేనే జున్నా? మా అమ్మమ్మ యాలకులే వేసేది.