సమస్య: "రాణి జేబున దాచెను రాజు చూడ"

ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులో ఒక పాదం. ఇదే చివరి పాదంగా, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చెయ్యడమే పూరణ. దర్బార్లూ అంతఃపురాలూ వద్దు, అవి చాలా చూశాం. వస్తువు పాత అమెరికన్ టీవీ వెస్టర్న్‌లో (కౌబాయ్ కథలో) పేకాట మోసం. ఏదో ఒకటి మనసులో ఉండాలంటే 1957 నుంచి 1962 దాకా ఏబీసీ చానెల్లో వచ్చిన 'మేవ్రిక్' సీరియల్ తీసుకోండి. జేమ్స్ గార్నర్ వేసిన బ్రెట్ మేవ్రిక్ తుపాకి కన్నా పేకను నమ్ముకున్న మనిషి. కోటు లోపల వెయ్యి డాలర్ల నోటు పిన్నుతో గుచ్చుకుని తిరుగుతాడు.

పూరణ 1 (కాకినాడ సభ్యులు)

పాత బొమ్మలో మేవ్రిక్కు పందెమాడ
నెదుటి జూదరి కనుగప్పి నేర్పు మీఱ
బల్లపైఁ గళావరు రాజు పడఁగ, మెల్ల
రాణి జేబున దాచెను రాజు చూడ.

— బాగుందండీ. అయితే ఒక సందేహం. దాచింది రాణిని కదా, 'రాణిని' అనొద్దా?

— ప్రాణమున్న రాణి అయితే అనాల్సిందే మాస్టారూ. పేకముక్క జడం. 'చెట్టు నరికె' అన్నట్టు 'రాణి దాచె' చెల్లుతుంది. నిజానికి సమస్యలోనే జవాబు ఉంది. 'ని' లేదంటేనే అది పేకలో రాణి అన్నమాట!

— ఈ మాట నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. యతులు (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) కూడా సరిపోయాయి. మూడో పాదంలో బ–ప వర్గయతి, అంటే ఒకే వర్గంలోని అక్షరాలు. నా అభ్యంతరం రాజు మీద. కళావరు రాజు రెండు కళ్ళతో చూస్తుంటాడు. డైమన్ రాజు బొమ్మ పక్కకి తిరిగి ఉంటుంది, ఒక్క కన్నే కనబడుతుంది. మోసం అతని ముందు జరిగితే 'చూడ' అన్న మాటకు బలం రాదూ? మూడో పాదం ఇలా మార్చి చూడండి:

నొంటికంటి డైమను రాజు వెంట నుండ

ఒంటి–వెంట ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం), తేటగీతిలో చెల్లుతుంది.

— ధన్యవాదాలండీ, మార్చేస్తున్నాను. మా ఇంట్లో పేక తీసి చూశాను, నిజంగానే ఒంటికన్ను. ఇన్నేళ్ళు రమ్మీ ఆడి గమనించలేదు.

పూరణ 2 (డాలస్ సభ్యులు)

కార్డు గొట్టము చొక్కాన దాచిపెట్టి
ముడుకు లల్లన విప్పఁగ ముక్క మాఱ
శాను ఫ్రాన్సిస్కొ జూదరి చతురుఁడొకఁడు
రాణి జేబున దాచెను రాజు చూడ.

— మొదటి పాదంలో యతి పోయింది. 'కా'కి 'దా' కుదరదు. 'చొక్కానఁ గట్టియుంచి' అంటే క–గ వర్గయతి, అర్థమూ చెడదు. ఇంతకీ ఈ ముడుకుల (మోకాళ్ళ) గోలేమిటి?

— టీవీ కథ కాదండీ, నిజం కథ. 1888లో శాన్ ఫ్రాన్సిస్కోలో కెప్లింగర్ అనే జూదరి వాడిన యంత్రం. చొక్కా చేతిలో ముక్కను పట్టుకునే చిమటా (పట్టకారు) లాంటిది ఉంటుంది. దానికి కట్టిన దారం ఒంటి మీదుగా గొట్టాల్లోంచి ముడుకుల దాకా వస్తుంది. ముడుకులు ఎడం చేస్తే చిమటా ముందుకొస్తుంది, దగ్గర చేస్తే ముక్కతో సహా లోపలికి పోతుంది. తోటి జూదరులకు అనుమానమొచ్చి ఓ రోజు మీదపడి వెతికారు. దొరికాక కొట్టలేదట. మా అందరికీ ఒక్కోటి చేసిపెట్టమన్నారట!

— కథ అద్భుతం, పద్యంలో సగమే వచ్చింది. ఆ చివరి మలుపు వదిలేశారేం? పైగా ముక్క ఉన్నది చొక్కా చేతిలో, జేబులో కాదు.

— జేబు సమస్యలో ఇచ్చేశారు, నేనేం చెయ్యను? ముక్క దాగే చోటే జేబు అనుకోండి.

— అనుకోలేం. 'జేబు' అతకక పూరణ సగంలో ఆగింది. యతి దిద్దుకుని మళ్ళీ పెట్టండి.

పూరణ 3 (విజయవాడ సభ్యురాలు)

మోసగత్తెల మోహిని మురిపె మొలుక
నావపై మేటి జూదరి నడ్డి విఱిచి
గెలుచుకొన్న సొమ్మంతయుఁ గేల నొడిసి
రాణి జేబున దాచెను రాజు చూడ.

— ఇక్కడ దాచింది రాణే! రాజు ఎవరు, మేవ్రిక్కేనా?

— అవునండీ. ఆ సీరియల్లో డయాన్ బ్రూస్టర్ వేసిన సమాంతా క్రాఫర్డ్ మనసులో పెట్టుకుని రాశాను. తీయగా మాట్లాడుతూ నిలువునా ముంచే పాత్ర. మేవ్రిక్ కూడా మామూలుగా మోసం చెయ్యడు, మోసగాళ్ళనే మోసం చేస్తాడు. అలాంటి రాజు నోరెళ్ళబెట్టి చూస్తుంటే ఆమె సొమ్ము దాచుకుంది.

— 'నడ్డి విఱిచి' దగ్గర నవ్వాగలేదమ్మా. మూడు పూరణల్లో నాకు ఇదే ముందు. కాకపోతే, గౌనుకు జేబెక్కడిదీ?

— ఆ కాలపు గౌన్లకు లోపల జేబులుండేవి బాబాయ్ గారూ. మీకు తెలియకపోవడంలో వింత లేదులెండి.

నాలుగో పూరణ ఒకటి వచ్చింది గానీ పద్యం ఇక్కడ పెట్టడం లేదు. గణాలు (లఘుగురువుల లెక్క) సరే, వస్తువు తప్పింది. 1958లో వచ్చిన ఎపిసోడులో మేవ్రిక్ 25 ముక్కలతో ఐదేసి చొప్పున ఐదు జట్లు పేర్చే పందెం గురించి రాశారు. ప్రతి జట్టూ పోకర్ లెక్కలో వరస (స్ట్రెయిట్) గానీ అంతకన్నా పెద్దది గానీ అవ్వాలి. చూడ్డానికి మాయలా ఉంటుంది. కానీ ఏ 25 ముక్కలు తీసినా నూటికి 98 సార్లు కుదురుతుంది. అది లెక్క, మోసం కాదు. అందులో రాణిని దాచాల్సిన పనే లేదు.

డాలస్ వారు మొదటి పాదం దిద్ది మళ్ళీ పంపారు. జేబు సంగతి మాత్రం ఒప్పుకోవడం లేదు.