పత్తి కూలీల రక్తనమూనా: పలుచన చేయాలా, వద్దా?

ఆదోని వైపు పత్తికి మందు కొట్టేవాళ్లలో నరాల జబ్బుల అధ్యయనానికి ఎర్రకణాల్లో ఉండే, ఈ మందులు అణిచేసే ఎంజైము ఎసిటైల్‌కోలినెస్టరేజ్ కొలవాలి. మందు మొదలవకముందు ఒకసారి, కొట్టాక ఇంకోసారి. ఒక్క కొలతతో ఏమీ తేలదు, మనిషికీ మనిషికీ తేడా అంత. తంటా రవాణాలోనే. కొట్టింది ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే రక్తాన్ని వెంటనే చల్లటి, ఆమ్లత మారనివ్వని ద్రావణమైన బఫర్‌లో 20 రెట్లు పలుచన చేస్తే ట్యూబులో విషం పని ఆగుతుంది. ఇంకో రకం పురుగుమందు కార్బమేట్‌కు అదే చేటు: పలుచనలో ఎంజైము మళ్లీ లేచి కూర్చుంటుంది, కర్నూలు ల్యాబులో అంకె మామూలుగా కనబడుతుంది!

రైతులేమో రెండు మందులూ ఒకే ట్యాంకులో కలిపేస్తారు. ఒకే మనిషి నుంచి పలుచన చేసిందొకటి, చేయనిదొకటి, రెండు ట్యూబులు తీసినవాళ్లున్నారా? పలుచన చేయనిది 4 డిగ్రీల దగ్గర ఎన్ని గంటలు నమ్మొచ్చు? ఐసు నేరుగా తగిలితే కణాలు పగులుతున్నాయి, మధ్యలో గోనెపట్ట సరిపోతుందా? వేలు గుచ్చేముందు సబ్బుతో కడిగినా గోళ్ల సందుల్లో మందు మిగులుతోంది. సిరనుంచే తీయడం మేలా?