ఏజెన్సీ బడికి ఎవరు వెళ్లాలి, ఎలా తయారై వెళ్లాలి?

అరండల్‌పేట టీచరమ్మ (గుంటూరు):

ఇక్కడ డీఎస్సీ మాట వచ్చినప్పుడల్లా గొడవంతా జీవో 3 దగ్గరే తిరుగుతోంది. ఏజెన్సీలో టీచర్ పోస్టులు వందకు వంద స్థానిక గిరిజనులకే ఇవ్వాలా, అందరికీ తెరవాలా అని. ఎవరిని పంపినా ఆ బడికి తగ్గట్టు తయారు చేసి పంపుతున్నామా అన్నది నా ప్రశ్న. లేదనే నేనంటాను, నేను అలా వెళ్లినదాన్నే కాబట్టి.

1990ల్లో పాడేరు వైపు ఒక ఖోండుల గూడేనికి పోస్టింగ్ వచ్చింది. ఏకోపాధ్యాయ పాఠశాల. మొదటి రోజు ఒకటో తరగతి పిల్లలతో "పలకలు తీయండి" అన్నాను. "పలకలు తీయండి" అని అందరూ గట్టిగా తిరిగి అన్నారు. "తీయండమ్మా" అంటే "తీయండమ్మా" అన్నారు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది కువి. సంతలో ఆదివాసీ ఒరియా. తెలుగు వాళ్ల చెవిన పడింది నా నోటి నుంచే. ఆ సంగతి అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా వాళ్లకి బుర్ర తక్కువ అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో తరగతి పిల్ల ఒకతె నాకు దుబాసీ. ఆ పిల్ల వాళ్లమ్మతో పోడుకి వెళ్లిన రోజున నా బడి ఆగిపోయేది. ట్రైనింగులో నాకు చార్టులు వేయడం నేర్పారు, పిల్లల మనస్తత్వం చెప్పారు. పిల్లల భాష మనకి రాకపోతే ఏం చేయాలో ఒక్క పీరియడ్ కూడా చెప్పలేదు. నెలకోసారి మీటింగుకి కొండ దిగి వెళ్తే అడిగేది హాజరు లెక్కలే. నాలుగేళ్లకి బదిలీ దొరికింది, వచ్చేశాను.

పటమట అభ్యర్థి (విజయవాడ):

మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ జీవో 3ని పక్కన పెట్టేస్తే ఎలా? 2000 జనవరిలో వచ్చింది. మైదానం నుంచి వెళ్లిన టీచర్లు బడికి సరిగా రావడం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలోనే ఉండాలన్న షరతు వల్ల మిగతా గిరిజనులకి కూడా అన్యాయమేనంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం కదపలేదు.

నేను అవనిగడ్డలో రెండేళ్లు కోచింగ్ తీసుకున్నాను. మా నాన్న ఆటో నడుపుతారు. కొండ మీద ఉద్యోగమిచ్చినా వెళ్తాను. భాష రాదనేగా? ఆర్నెల్లు నేర్పించండి, నేర్చుకుంటాను. పుట్టిన ఊరిని చూసి తలుపు వేసేయడం మాత్రం నాకు ఒప్పుదల కాదు.

కువి మాస్టారు:

మా అమ్మాయిని విజయవాడలో కాలేజీలో చేర్పించడానికి వచ్చి ఇది చదివాను. మా ఊరు టీచరమ్మగారు చెప్పిన పాడేరు వైపే. జీవో 3 వల్లే ఉద్యోగం వచ్చింది. అది లేకపోతే మా మండలంలో మాలాంటివాళ్లు సగం మంది ఇవాళ బడిలో ఉండేవాళ్లు కాదు. తమ్ముడూ, వర్షాకాలంలో వాగు పొంగి దారి మూసుకుపోయినా బడి నడిచేది మాస్టారి ఇల్లు వాగుకి ఇవతల ఉంటేనే. కోర్టు తీర్పులో ఆ వాగు నాకు కనిపించలేదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. స్థానికుడంటే పిల్లల భాష వచ్చినవాడని కాదు. భగతలూ మా ఏజెన్సీ గిరిజనులే, కానీ వాళ్లు మాట్లాడేది తెలుగు. భగత మాస్టారిని ఖోండు గూడేనికి వేస్తే ఆయనా టీచరమ్మగారి లాగే మొదలుపెట్టాలి. ఇక నా సంగతి. కువి నా తల్లి భాష. కానీ ఆశ్రమ పాఠశాలలో కువి మాట్లాడితే దెబ్బలు తిన్నవాణ్ణి. టీచరయ్యాక ఆ భాషలో పాఠం చెప్పాలంటే నాకే నోరు రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య పెట్టి, తెలుగు లిపిలో కువి వాచకం ఇచ్చినప్పుడు మొదటిసారి ధైర్యం వచ్చింది. పిల్లలు బొమ్మలు చూసి నాకంటే ముందు కథ చెప్పేవాళ్లు. తర్వాత చూసేవాళ్లు లేక పట్టు సడలింది. పుస్తకం వస్తే మనిషి లేడు, మనిషి ఉంటే శిక్షణ లేదు.

పటమట అభ్యర్థి:

అన్నా, వాగు మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఐదో తరగతి దాకా కువిలో చదివితే పదో తరగతి, ఆ తర్వాత పోటీ పరీక్షలు ఎలా? మీ అమ్మాయిని మీరే ఇంత దూరం తెచ్చారు కదా.

కువి మాస్టారు:

తెచ్చాను. తెలుగు, ఇంగ్లిష్ వద్దని ఎవరన్నారు? ఒకటో తరగతిలో కువి, రెండో తరగతి నుంచి నెమ్మదిగా తెలుగు కలపాలి. మొదట్లోనే అర్థం కాక బడి మానేసిన పిల్లకి పదో తరగతి ఎక్కడిది?

అరండల్‌పేట టీచరమ్మ:

బాబూ పటమటా, నువ్వు వెళ్తానన్నందుకు సంతోషం. కానీ ఒంటరిగా వెళ్లకూడదు. గూడెంలో పదో తరగతి చదివిన ఒకరిని నీ పక్కన జీతమిచ్చి పెట్టాలి, ఆ మనిషినే చదివిస్తూ టీచర్‌ని చేయాలి. డీఎల్‌ఈడీ టీచర్ ట్రైనింగులో ఒక గిరిజన భాష తప్పనిసరి చేసి, ప్రాక్టీసు పాఠాలు ఆ బడుల్లోనే పెట్టాలి. మొదటి రెండేళ్లు అనుభవమున్న టీచర్ నెలకోసారి వచ్చి పక్కన కూర్చోవాలి. హాజరు పట్టీ చూసి వెళ్లిపోతే చాలదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి బడులు పెట్టి, పుస్తకాలు రాశారు. ఆగస్టు 29న ఆయన పేరుతో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, సవర సంగతి చాలామందికి తెలియదు. ఏజెన్సీ దాకా ఎందుకు, మన పల్నాడు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఆ బడికి వెళ్లే టీచర్‌కి ఆ భాష ఎవరు నేర్పుతున్నారు?

కువి మాస్టారూ, ఊరెళ్లే ముందు ఒక్క సాయం చేయండి. "పలకలు తీయండి" అని కువిలో ఎలా అంటారో, తెలుగు అక్షరాల్లో ఇక్కడ రాయండి. ఆ రోజు అడగాల్సింది, అడగలేదు.