చూడని స్వరలిపి ముందు పెడితే వాయించడం: పిల్లలకు నేర్పాలా, అక్కర్లేదా?

కొర్లగుంట_అమ్మ: మా పాప వయొలిన్‌లో గీతాలు దాటి, వాటి తర్వాత నేర్పే వర్ణాల దాకా వచ్చింది. విన్నది ఇట్టే పట్టేస్తుంది. కొత్త నొటేషన్ పెడితే మాత్రం అడుగడుగునా ఆగిపోతుంది. చూసి వాయించడం విడిగా సాధన చేయించాలా?

వాయులీనం_తిరుపతి: తప్పకుండా చేయించండి. వర్ణం వద్దు, తనకు రాని చిన్న గీతం ఇవ్వండి. బో పట్టకముందే రాగం, తాళం చూసుకుని, తాళం వేస్తూ స్వరాలు నోటితో చదవాలి. స్వరం పక్కన కామా ఉంటే ఒక అక్షర కాలం సాగదీయాలి, సెమీకోలన్‌కు రెండు, స్వరాల పైన గీత ఉంటే రెట్టింపు వేగం. పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. తర్వాత నిదానంగా వాయించాలి. స్వరం తప్పినా వెనక్కి వెళ్లకూడదు, తాళం ఆగకూడదు. వేలు ఒక స్వరం మీద ఉంటే చూపు తర్వాతి స్వరాల మీద ఉండాలి. వాయించేసిన గీతం మళ్లీ ఇవ్వొద్దు, అప్పుడు జ్ఞాపకంతో వాయిస్తుంది.

చిత్తూరు_సన్నాయి: కాగితం చూసి వాయిస్తే తోడి రాగం వస్తాదా? దాని మింద ఒట్టి 'గ' ఉంటాది. ఆ గాంధారం ఎట్ల ఊగాలో ఏ కామా చెప్తాది? మా ఇంట్లో తాతల కాలం నుంచి నాదస్వరమే. ఒక్కరూ పుస్తకం తెరవలా.

వాయులీనం_తిరుపతి: సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలోనే అచ్చు వేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాన్ని ఊపే కంపితానికి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుకు కూడా గుర్తులున్నాయన్నా. లిపి లేక మనం పోగొట్టుకున్నది చూడండి. అన్నమయ్య రాగి రేకుల్లో పాట పైన రాగం పేరుంది, స్వరాలు లేవు. ఆ బాణీలు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు కొత్తగా కట్టాల్సి వచ్చింది.

కీబోర్డు_క్లాసు: రాసి దాచడం వేరు, చూసిన వెంటనే వాయించడం వేరు. ఆమె అడిగింది రెండోది. పాశ్చాత్య గ్రేడు పరీక్షల్లో అరనిమిషం చూసుకోనిచ్చి వాయించమంటారు. మన కచేరీలో ఆ అవసరం ఎక్కడుంది?

తబలా_వేణు: స్టూడియోలో ఉంది. కాగితం చేతికిచ్చి టేక్ అంటారు.

చిత్తూరు_సన్నాయి: కంపితం చెవిన పడనోడికి ఆ గుర్తు ఏం చెప్తాదమ్మా? పుస్తకాల పేర్లు చెప్పి నోరు మూయించొద్దు.

వాయులీనం_తిరుపతి: నోరు మూయించడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను నేర్చుకున్న చోట కొత్త కీర్తన అడిగితే 'నీకింకా సమయం రాలేదు' అనేవారు. ఫోన్‌లో రికార్డు చేసుకోనిచ్చేవారు కాదు. కీర్తనకింత అని విడిగా డబ్బు. లిపి చూసి వాయించడం వచ్చాకే ఆ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడే బాధ తప్పింది. అందుకే చెబుతున్నా, అక్షరం చేతికివ్వండి.

చిత్తూరు_సన్నాయి: నీకు తెరిచిన తలుపే మావాడికి మూసినారు తల్లీ. ఒకచోట ఎంపికకు పోయినాడు. కల్యాణి ఎత్తుకుంటే గంట వాయిస్తాడు. వాళ్లు కాగితం ముందర పెట్టినారు. వీడు దాన్ని తిప్పి తిప్పి చూసి వాద్యం సంచిలో పెట్టుకోని వచ్చేసినాడు. ఒక్క రాగమన్నా వాయించప్పా అని ఎవురూ అడగలా.

వాయులీనం_తిరుపతి: అడగకపోవడం ఘోరం. కానీ అది పరీక్ష పెట్టినవాళ్ల తప్పన్నా, లిపిదేం పాపం? బాబుకు చెవి ఉంది, తాళం ఉంది. ఆ గుర్తులు తొందరగానే వస్తాయి.

చిత్తూరు_సన్నాయి: నేర్చుకుంటాడు. నేర్చుకోకుంటే వాడు విద్వాంసుడు కాదా? అది చెప్పు.

కొర్లగుంట_అమ్మ: ఏ రాగంతో మొదలుపెట్టమంటారు?

వాయులీనం_తిరుపతి: మోహనం. ఐదే స్వరాలు, చూపు త్వరగా కుదురుతుంది. తోడి, భైరవి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అవి విని నేర్చుకోవాల్సినవే.

చిత్తూరు_సన్నాయి: నేనడిగిన దానికి జవాబు రాలేదమ్మా.