కోడ్ అందరిదైనప్పుడు పేరు ఒక్కరిదెలా అవుతుంది?

బెంజిసర్కిల్ వెబ్: వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఎవరైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అయినా 2024 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ సహవ్యవస్థాపకుడి కంపెనీ ఆటోమాటిక్, వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే డబ్ల్యూపీ ఇంజిన్ అనే సంస్థను ట్రేడ్‌మార్కు వాడుకున్నందుకు ఆదాయంలో 8 శాతం చెల్లించమని, లేదా అంత విలువైన పని ప్రాజెక్టుకు చేసిపెట్టమని అడిగింది. 'డబ్ల్యూపీ' అన్న రెండక్షరాలు తమ ట్రేడ్‌మార్కులోకి రావని, ఆ పేరుకు యజమాని అయిన వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ విధానంలోనే అప్పటిదాకా రాసి ఉంది. ఇది అన్యాయం.

బ్రాడీపేట అనువాదకుడు: ఆ రెండక్షరాల మాట పక్కన పెట్టండి. కోడ్‌కు ఇచ్చిన అనుమతి పేరుకు వర్తించదు, అపాచీ 2.0 అనే మరో స్వేచ్ఛా లైసెన్సులోని ఆరో నిబంధన ఈ సంగతి సూటిగానే చెబుతుంది. ఎక్కడో పండిన కాయను గుంటూరు సన్నం అని టిక్కీలకెత్తి అమ్మితే మన రైతు ఊరుకుంటాడా? నేను ఆరేళ్లు రాత్రిళ్లు కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చాను. ఒక కంపెనీ దాన్ని ఆ ప్రాజెక్టు పేరుతోనే 'అధికారిక తెలుగు కూర్పు' అని కాలేజీలకు అమ్ముకుంది. తప్పులు దొర్లినప్పుడు తిట్లు మాత్రం మాకు వచ్చాయి.

బెంజిసర్కిల్ వెబ్: పక్కన పెట్టలేనండీ. మా దుకాణం పేరులో ఒక సాఫ్ట్‌వేర్ పేరు తాలూకు ముక్క ఉందని ఒక సంస్థ నోటీసు పంపితే, బోర్డూ బిల్లు పుస్తకాలూ అన్నీ మార్చుకున్నాను. వాదించి గెలవవచ్చేమో గానీ, అందాకా లాయరు ఫీజు ఎవరిస్తారు?

లబ్బీపేట లినక్స్: లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పు డెబియన్ వారు 2006లో ట్రేడ్‌మార్కు షరతుల వల్ల ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరు వదిలి ఐస్‌వీజిల్ అని పెట్టుకున్నారు, 2016లో పాత పేరుకే వచ్చారు. పేరు మారితే కొంప మునగదు.

బెంజిసర్కిల్ వెబ్: 2011లో హడ్సన్ అనే సాఫ్ట్‌వేర్ పేరు తమదని ఒరాకిల్ కంపెనీ అంటే, దాన్ని రాసినవారే జెన్కిన్స్ అని కొత్త పేరు పెట్టుకోవలసి వచ్చింది. అనువాదకుడు గారూ, అక్కడ పేరు పోగొట్టుకున్నది పండించిన రైతే కదా!

బ్రాడీపేట అనువాదకుడు: మీ బోర్డు మారిందన్న కోపంతో, పేరును కాపాడుకోవడమే దోపిడీ అంటున్నారు. మా ఆరేళ్ల శ్రమకు మీ లెక్కలో విలువే లేదా?

బెంజిసర్కిల్ వెబ్: ఉంది కాబట్టే అడుగుతున్నాను. ఆటోమాటిక్ 2010లో మార్కును ఫౌండేషన్‌కు బదిలీ చేసింది గానీ, వాణిజ్యానికి వాడుకునే ప్రత్యేక హక్కును తన దగ్గరే ఉంచుకుంది. ఆ 8 శాతం అడిగినది కంపెనీ. అందులో మీలాంటి అనువాదకులకు దక్కేదెంత?

బ్రాడీపేట అనువాదకుడు: ఏమీ దక్కదు, ఒప్పుకుంటాను. కానీ పేరును ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో లినక్స్ విషయంలో చూశాం. ఏ సంబంధమూ లేని వ్యక్తి 1994లో అమెరికాలో ఆ పేరుకు దరఖాస్తు పెట్టి, తర్వాత లినక్స్ వ్యాపారులను రాయల్టీ అడిగాడు. 1997లో రాజీ కుదిరాకే అది లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ చేతికి వచ్చింది. పేరు ఎవరో ఒకరి దగ్గర ఉండక తప్పదు. పనిచేసినవారికి ఓటున్న సంఘం దగ్గర ఉండాలన్నదే నా కోరిక.

బెంజిసర్కిల్ వెబ్: ఆ సంఘంలో నాలాంటి చిన్న దుకాణదారుకూ ఓటుంటుందా? నేను కోడ్ రాయలేదు, అనువాదమూ చేయలేదు. పన్నెండేళ్లుగా ఆ పేరును ఈ ఊళ్లో ఇంటింటికీ తెలియజెప్పినవాణ్ణి మాత్రమే.